రోమా నాణెము – మన పొలం గట్టు

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: మార్కు సువార్త 12:13–17, ఎఫెసీయులకు 2:14



ఈ దినము మనము ఒక నాణెమును గూర్చి ధ్యానించుకుందాము. మార్కు సువార్త 12వ అధ్యాయములో పరిసయ్యులు, హేరోదీయులు కలిసి ప్రభువు నొద్దకు వచ్చారు. కైసరుకు పన్ను ఇవ్వవచ్చునా, కూడదా అని అడిగారు. ఇవ్వమంటే ప్రజలకు కోపము. వద్దంటే రోమా అధిపతికి కోపము. ప్రభువు ఏమి చేశాడు? ఒక దేనారము తెచ్చి చూపమన్నాడు. ఆయన సంచిలో అది లేదు, అడిగిన వారి దగ్గరే ఉన్నది. ఆ సంగతి కొంచెము గమనించండి.

ఆ నాణెము ఎట్లుండేదో ఎప్పుడైనా ఆలోచించారా? దాని మీద ఎవరి బొమ్మ ఉన్నది? ఏమి వ్రాయబడి ఉన్నది? అటువంటి నాణెములు చూడాలంటే యెరూషలేము వరకు వెళ్లనక్కరలేదు. అవి మన తెలుగు నేలలోనే, మన కృష్ణానది దారిలోనే దొరికాయి.

మన నేలలో కైసరు ముఖము

నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన ఒక నిధిలో 1531 వెండి దేనారములు ఉన్నాయి. అవి ఔగుస్తు కైసరు, తిబెరి కైసరుల కాలపువి. ఔగుస్తు అంటే లూకా 2వ అధ్యాయములో ప్రజాసంఖ్య వ్రాయవలెనని ఆజ్ఞ ఇచ్చినవాడు. తిబెరి అంటే లూకా 3వ అధ్యాయములో, యోహాను బాప్తిస్మము ఇయ్యనారంభించినప్పుడు ఏలుచున్నవాడు. మత్తయి 20వ అధ్యాయములోని ద్రాక్షతోట కూలివానికి ఒక దినపు జీతము ఒక దేనారము. ఆ లెక్కన ఆ కుండలో ఉన్నది ఒక కూలివాడు నాలుగు సంవత్సరములకు పైగా ఒక్క దినము కూడా మానకుండా పనిచేస్తే వచ్చే జీతము.

నాగార్జునకొండ త్రవ్వకములలో తిబెరి బంగారు నాణెము దొరికింది. గుంటూరు సీమలో వినుకొండ దగ్గర రోమా బంగారు నాణెములు దొరికాయి. 1786 ప్రాంతములో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలము దున్నుచుండగా నాగలి ఇటుక కట్టడమునకు తగిలింది. త్రవ్వి చూస్తే పాత గుడి శిథిలము, దాని క్రింద ఒక చిన్న కుండ, కుండ నిండ రోమా చక్రవర్తుల బంగారు నాణెములు! పాపము, ఆ రైతుకు వాటి సంగతి తెలియదు. పాత బంగారమని అమ్మివేశాడు. చాలా వరకు కరిగించివేశారు. ముప్పదికి పైగా మాత్రము మిగిలాయి. లోకమును ఏలిన చక్రవర్తుల ముఖములు మన నెల్లూరి కుంపటిలో కరిగిపోయాయి! లోకమహిమ ఎంతటిదో చూడండి.

ఇవి ఇక్కడికి ఎట్లు వచ్చాయి? వ్యాపారము ద్వారా. పౌలు భక్తుడు సువార్త ప్రయాణములు చేసిన కాలమునకు దగ్గరలోనే, ఐగుప్తులో నివసించిన ఒక గ్రీకు వర్తకుడు సముద్రపు రేవులను గూర్చి ఒక పుస్తకము వ్రాశాడు. అందులో మన తీరమును 'మసాలియా' అని పిలిచి, ఇక్కడ సన్నని నూలు బట్ట విస్తారముగా తయారవుతుందని చెప్పాడు. సుమారు నూరు సంవత్సరముల తరువాత తొలెమీ అను భూగోళ పండితుడు మన కృష్ణానదిని 'మైసోలోస్' అన్నాడు. 'కంటకోస్సుల' అను రేవును పేర్కొన్నాడు. అది బందరుకు సుమారు ఇరువది కిలోమీటర్ల దూరములో ఉన్న మన ఘంటసాల అని చరిత్రకారులు గుర్తించారు. ఘంటసాల అంటే మనకు గాయకుని ఇంటిపేరే ముందు గుర్తుకు వస్తుంది. అయితే రెండు వేల సంవత్సరముల క్రిందట అది దూరదేశపు పండితులకు కూడా తెలిసిన రేవు.

ఇక్కడి బట్ట ఓడలెక్కి దక్షిణము చుట్టి మలబారు తీరమునకు, అక్కడ మిరియములతో కలిసి ఎఱ్ఱ సముద్రమునకు, ఒంటెల మీద నైలు నదికి, పడవల మీద అలెక్సంద్రియకు, అక్కడ నుండి పెద్ద ఓడలలో ఇటలీలోని పొతియొలీ రేవుకు చేరేది. బదులుగా వెండి బంగారములు వచ్చేవి. ఇండియా సరుకుల కోసం ఏటేటా ఐదు కోట్ల సెస్టర్సులు, అనగా కోటి ఇరువది ఐదు లక్షల దేనారములు పోవుచున్నవని ప్లినీ అను రోమా రచయిత వాపోయాడు.

ఇప్పుడు అపొస్తలుల కార్యములు 28:11–13 తెరవండి. పౌలు ఖైదీగా రోమాకు వెళ్లినప్పుడు ఎక్కిన ఓడ ఏది? అలెక్సంద్రియ ఓడ. దిగిన రేవు ఏది? పొతియొలీ. మన తెలుగు తీరపు బట్ట వెళ్లిన దారిలోనే సువార్త కూడా రోమాలో ప్రవేశించింది. ఆ ఓడకున్న చిహ్నమును మన తెలుగు బైబిలు అనువాదకులు 'అశ్వినీ' అని తర్జుమా చేశారు. గ్రీకులో అది కవల దేవతల పేరు. రోమీయులు ఆ కవలలకు తమ పట్టణము నడిబొడ్డున గుడి కట్టారు. అయితే రోమా పట్టణపు పుట్టుకకే ఇంకొక కవలల కథ ఉన్నది. నాణెము మీది వ్రాత అర్థము కావాలంటే ఆ కథ మనకు తెలియాలి.

ఆ పట్టణము పుట్టిన కథ

రోమీయులు తమ పిల్లలకు చెప్పుకొన్న కథ ఇది. ఆల్బా లోంగా అను పట్టణములో నూమిటోర్ అను రాజు ఉండేవాడు. అతని తమ్ముడు అమూలియుస్ రాజ్యము లాగుకొన్నాడు. అన్న కుమార్తెకు సంతానము కలుగకూడదని ఆమెను కన్యగానే ఉండవలసిన దేవాలయ సేవలో పెట్టాడు. అయినను ఆమెకు కవల పిల్లలు పుట్టారు. తండ్రి యుద్ధదేవుడైన మార్స్ అని ఆమె చెప్పింది. రాజు ఆ పసిబిడ్డలను టైబర్ నదిలో పారవేయమన్నాడు. వింటుంటే మనకు మోషే గుర్తుకు వస్తాడు, భారతము తెలిసిన వారికి కర్ణుడు గుర్తుకు వస్తాడు.

నది పొంగి ఉన్నది. నీరు తీసి బుట్ట ఒడ్డున ఆగింది. ఒక ఆడు తోడేలు వచ్చి బిడ్డలకు పాలిచ్చింది. తరువాత ఒక పశువుల కాపరి ఎత్తుకొనిపోయి పెంచాడు. వారే రోములుస్, రేముస్. పెద్దవారై దుష్టుడైన రాజును చంపి తాతకు రాజ్యము తిరిగి ఇప్పించారు. ఇంతవరకు కథ బాగుగానే ఉన్నది.

ఆ తరువాత అన్నదమ్ములిద్దరు తాము బ్రతికిన నది ఒడ్డున సొంత పట్టణము కట్టాలనుకొన్నారు. ఎవరి పేరు పెట్టాలి? ఎవరు ఏలాలి? కవలలు గనుక పెద్దవాడెవడో చెప్పలేరు. పక్షులను చూచి శకునము తెలుసుకొందామనుకొన్నారు. ఒకడు ఒక కొండ మీద, ఒకడు ఇంకొక కొండ మీద కూర్చున్నారు. రేముసుకు ముందుగా ఆరు రాబందులు కనబడ్డాయి. రోములుసుకు తరువాత పన్నెండు కనబడ్డాయి. ముందు చూచినవాడు నేనే అని ఒకడు, ఎక్కువ చూచినవాడు నేనే అని ఒకడు! రోములుస్ గోడ కట్టుట మొదలుపెట్టాడు. ఇదేమి గోడ అని రేముస్ ఎగతాళి చేసి దానిని దూకాడు. రోములుస్ తన తోడబుట్టినవానిని అక్కడికక్కడే చంపివేశాడు. నా గోడ దూకిన ఎవనికైనా ఇదే గతి అని ప్రకటించాడు.

రోమీయుల లెక్కలో ఇది క్రీస్తు పూర్వము 753. ఇది కథయే గాని రుజువైన చరిత్ర కాదు. ఈ కథలను వ్రాసిపెట్టిన లివీ అను రోమా చరిత్రకారుడే వీటిని నిజమనీ అననని, అబద్ధమనీ అననని ముందుమాటలో తప్పించుకొన్నాడు. పురావస్తు శాస్త్రజ్ఞులకు ఆ కొండ మీద ఆ కాలపు గుడిసెల గుంజలు పాతిన గుంటలు మాత్రము కనబడ్డాయి. అనగా లోకమును ఏలిన పట్టణము మన లంక గ్రామములవలె నది ఒడ్డున నాలుగు గుడిసెలతో మొదలైంది. అయితే ఒక జనాంగము తన పుట్టుకను గూర్చి ఎటువంటి కథ చెప్పుకొంటుందో దానిలో ఆ జనాంగపు హృదయము తెలుస్తుంది. రోమీయులు ఈ హత్యను దాచలేదు. అన్నదమ్ముని రక్తముతో తమ గోడ తడిసిందని తామే చెప్పుకొన్నారు.

ఇది చదువుతుంటే ఆదికాండము 4వ అధ్యాయము మనకు తోచక మానదు. కయీను తన తమ్ముని చంపాడు. అదే అధ్యాయము 17వ వచనములో కయీను ఒక ఊరు కట్టించాడు. 410వ సంవత్సరములో శత్రువులు రోమాను దోచుకొన్న తరువాత, అగస్టీను భక్తుడు 'దేవుని పట్టణము' అను గ్రంథము వ్రాస్తూ ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూపాడు. లోకసంబంధమైన పట్టణము పునాదిలో సహోదరుని రక్తమున్నది అన్నాడు.

ఆకాశమునకు ఎక్కిన రాజు

రోములుస్ కథ అంతటితో ఆగలేదు. అతడు చాలా కాలము ఏలాడు. ఒక దినము సైన్యమును చూచుచుండగా గాలివాన వచ్చి మేఘము కమ్మింది. మేఘము తీసేసరికి రాజు లేడు. పెద్దలే అతనిని చంపి ముక్కలు చేశారని కొందరు గుసగుసలాడుకొన్నారు. అప్పుడు ప్రోకులుస్ అను ఒక పెద్దమనిషి లేచి, రోములుస్ ఆకాశము నుండి దిగి వచ్చి నాకు కనబడ్డాడు, అతడు ఇప్పుడు దేవుడు అని చెప్పాడు. ప్రజలు ఊరుకొన్నారు. అతనికి క్విరినుస్ అను పేరు పెట్టి పూజించారు.

క్రీస్తు శకము 14లో ఔగుస్తు కైసరు చనిపోయాడు. అప్పుడు ఏమి జరిగిందో దియో అను చరిత్రకారుడు వ్రాశాడు. నుమేరియుస్ అత్తికుస్ అను అధికారి లేచి, ప్రోకులుస్ చెప్పినట్లే, ఔగుస్తు ఆకాశమునకు ఎక్కుట చూచితినని ఒట్టు పెట్టుకొన్నాడు. అందుకు ఔగుస్తు భార్య లివియా అతనికి పది లక్షల సెస్టర్సులు బహుమానముగా ఇచ్చింది. అనగా రెండు లక్షల యేబది వేల దేనారములు! రోమా పెద్దల సభ ఔగుస్తును దేవుడని తీర్మానించింది. అతని దత్తపుత్రుడు తిబెరి. తండ్రి దేవుడైతే కుమారుడు ఎవరు?

ఇప్పుడు నాణెము చేతిలోకి తీసుకొనండి. మన పాత పావలా బిళ్ళంత ఉంటుంది. ఒక ప్రక్క తిబెరి తల. చుట్టూ వ్రాత: 'దైవమైన ఔగుస్తు కుమారుడు తిబెరి కైసరు ఔగుస్తు.' రెండవ ప్రక్క రాజదండము, కొమ్మ పట్టుకొని కూర్చున్న ఒక స్త్రీ. అక్కడ వ్రాత: 'ప్రధాన యాజకుడు.' యేసు ప్రభువుకు చూపిన నాణెము ఈ రకమేనని అనేకమంది పండితుల అభిప్రాయము. దక్షిణ భారతదేశపు నిధులలో మిక్కిలి ఎక్కువగా దొరికే రెండు రకములలో ఇది ఒకటి.

ప్రియులారా, చూచారా? దేవుని కుమారుడు, ప్రధాన యాజకుడు. ఈ రెండు బిరుదులు ఆ చిన్న వెండి బిళ్ళ మీద ఉన్నాయి. నిజముగా దేవుని కుమారుడును మన ప్రధాన యాజకుడునైన వాడు దాని ఎదుట నిలువబడి, ఇది ఎవరి బొమ్మ అని అడిగాడు. కైసరుదని చెప్పారు. కైసరుకు రావలసినది కైసరుకు, దేవునికి రావలసినది దేవునికి చెల్లించమని సెలవిచ్చాడు. నాణెము మీద కైసరు బొమ్మ ఉంటే అది కైసరుది. మరి ఆదికాండము 1:27 ప్రకారము దేవుని స్వరూపము ఎవరి మీద ముద్రింపబడి ఉన్నది? నీ మీద, నా మీద. నీవు ద్వేషించుచున్న నీ సహోదరుని మీద కూడా.

మన దేశములో దొరికిన రోమా నాణెములలో అనేకమైన వాటి మీద రాజు ముఖమునకు అడ్డముగా ఉలితో కొట్టిన గాటు ఉన్నది. లోపల కూడా వెండియేనా అని చూచుటకు కొట్టారని కొందరు, నాణెముగా చెల్లకుండ చేయుటకని కొందరు చెప్తారు. ఏదైనా సరే, దైవకుమారుడని వ్రాసుకొన్న ముఖము మన వర్తకుని ఉలికి ఒక వెండి ముక్క మాత్రమే. అయితే మనిషి మీద ఉన్న దేవుని రూపమును గాటు పెట్టే హక్కు ఎవనికిని లేదు.

రెండు సాక్ష్యములు

రాజు ఆకాశమునకు ఎక్కాడని చెప్పినవానికి డబ్బు ముట్టింది. మన ప్రభువు పునరుత్థానపు సంగతిలో డబ్బు ఎవరికి ముట్టింది? మత్తయి 28:12 చూడండి. ఆయన లేవలేదని చెప్పుటకు కావలివారికి ద్రవ్యమిచ్చారు. లేచాడని చెప్పిన వారికి ఏమి దొరికింది? పేతురుకు చెరసాల, స్తెఫనుకు రాళ్లు, యాకోబుకు కత్తి. డబ్బు పుచ్చుకొని చెప్పిన సాక్ష్యము వెండి బిళ్ళ మీదనే మిగిలిపోయింది. ప్రాణము పెట్టి చెప్పిన సాక్ష్యము ఈ దినము మన కృష్ణా డెల్టా గ్రామములలో ప్రతి ఆదివారము వినబడుచున్నది.

ఇంకొక మాట. సిలువ యొద్ద ఒక శతాధిపతి ఉన్నాడు. అతడు రోమా సైన్యపు ఉద్యోగి. అతని జీతము కైసరు బొమ్మ గల నాణెములలో లెక్క. ప్రతి జీతపు దినమున 'దైవమైన ఔగుస్తు కుమారుడు' అను వ్రాత అతని అరచేతిలో పడేది. అటువంటివాడు రక్తము కారుచు చనిపోయిన ఒక యూదుని చూచి, నిజముగా ఈయనే దేవుని కుమారుడని ఒప్పుకొన్నాడు (మార్కు 15:39). చేతిలోని నాణెము ఒకటి చెప్పింది, కన్నులు ఇంకొకటి చూచాయి. అతడు కన్నులను నమ్మాడు.

మన గట్టు సంగతి

ఇదంతా పాత చరిత్ర, మనకెందుకని ఎవరైనా అనవచ్చు. వినండి. డెల్టాలోని ఒక సంఘములో వాక్యము చెప్పుటకు వెళ్లాను. అక్కడ ఇద్దరు అన్నదమ్ములు. ఇద్దరూ బాప్తిస్మము పొందినవారే, ఇద్దరూ కానుకలు ఇచ్చేవారే. తండ్రి పంచి ఇచ్చిన మాగాణి ప్రక్కప్రక్కన ఉన్నది. మధ్యలో గట్టు. ఒక సంవత్సరము నాట్లకు ముందు గట్టు చెక్కేటప్పుడు జానెడు ఇటు వచ్చిందని ఒకడు, లేదని ఒకడు. సర్వేయరు వచ్చాడు, పెద్దమనుషులు వచ్చారు, తరువాత కోర్టు. ఆ జానెడు నేల ఖరీదు కన్నా వకీళ్లకు పోసినదే ఎక్కువ. తల్లి ప్రభువునందు నిద్రించినప్పుడు జ్ఞాపకార్థ కూడికకు ఇద్దరూ వేరువేరుగా రెండు పత్రికలు అచ్చు వేయించారు. ఒకే తల్లి, ఒకే ఫొటో, రెండు పత్రికలు! నేను ఆ రెండింటిని చేతిలో పెట్టుకొని ఆ రాత్రి నిద్రపోలేకపోయాను. వారి మధ్య ఇంకను సమాధానము కాలేదు. అందుకే ఈ ప్రసంగము.

రోములుస్ కత్తితో చేసినది మనము కాగితముతో చేయుచున్నాము. గోడ దూకినవానిని అతడు చంపాడు. గట్టు జరిపినవానితో మనము మాట మానివేస్తాము. సహోదరుని ద్వేషించువాడు నరహంతకుడని యోహాను భక్తుడు తన మొదటి పత్రిక 3:15లో స్పష్టముగా వ్రాశాడు. నేల వెల పెరిగిన కొలది ఈ పాపము మన సంఘములలో పెరుగుచున్నది. గుడిలో ప్రక్కప్రక్కన చాప మీద కూర్చొని, ఒకే రొట్టెలో పాలుపొంది, బయటికి వచ్చి ఒకరి ముఖము ఒకరు చూచుకొనని వారు ఎంతమంది?

రోమా కథలోనే ఒక మంచి ఘట్టమున్నది. తొలి రోమీయులకు భార్యలు లేకపోతే పండుగకు పిలిచి పొరుగువారైన సబీనుల కుమార్తెలను ఎత్తుకొనిపోయారు. అది ఘోరమైన పాపము. సబీనులు యుద్ధమునకు వచ్చారు. అప్పుడు ఆ స్త్రీలే రెండు సైన్యముల మధ్యకు పరుగెత్తివచ్చి నిలువబడ్డారు. ఇటు తండ్రులు, అటు భర్తలు. ఎవరు చచ్చినా నష్టపోయేది మేమే, చంపితే మమ్మును చంపండి అన్నారు. కత్తులు దిగాయి. అన్యుల కథలో కూడా సమాధానము ఎప్పుడు వచ్చింది? ఎవరో ఒకరు మధ్యలో నిలువబడి దెబ్బ తినుటకు సిద్ధపడినప్పుడే.

మన కథలో మధ్యలో నిలువబడినవాడు ఎవరు? ఎఫెసీ 2:14 చదవండి. మన మధ్య ఉన్న అడ్డుగోడను ఆయన పడగొట్టాడని పౌలు వ్రాశాడు. ఆ పత్రిక వ్రాసినప్పుడు తాను ఖైదీనని చెప్పుకొన్నాడు. ఒకడు గోడ కోసం తోడబుట్టినవానిని చంపి పట్టణము కట్టాడు. ఇంకొకడు తన సహోదరుల కోసం తానే చంపబడి గోడ పడగొట్టాడు. ఒకని పట్టణము శిథిలమై, అతని వారసుల ముఖములు మన పొలములలో నాగలికి తగులుచున్నవి. ఇంకొకని రాజ్యమునకు అంతము లేదు.

సహోదరుడా, సహోదరీ, ఈ మాటలు చదువుట అయిపోయిన వెంటనే ఒక పని చేయవా? ఎవరితో మాట మానివేశావో వారి ఇంటికి వెళ్లు. వారు రావాలని చూడకు. ముందు ఎవరు రాబందులను చూచారు అను లెక్క రోములుసుకు వదిలిపెట్టు. జానెడు నేల పోతే పోనివ్వు. మత్తయి 5:23–24లో ప్రభువు చెప్పిన వరుస ఏమిటి? ముందు సహోదరుడు, తరువాత కానుక. సంచిలోని డబ్బు మీద ప్రభుత్వపు ముద్ర ఉన్నది, చెల్లించవలసినది చెల్లించు. నీ సహోదరుని మీద దేవుని ముద్ర ఉన్నది, అతనిని దేవునికి తిరిగి అప్పగించు.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, రాజులు వచ్చి పోయారు, నీవు మాత్రము నిలిచి ఉన్నావు. మా చేతులలోని నాణెముల కంటె మా మీద నీవు వేసిన ముద్ర విలువైనదని మాకు నేర్పించుము. గట్ల కోసం, గోడల కోసం మేము పోగొట్టుకొన్న సహోదరులను మాకు తిరిగి ఇమ్ము. ముందుగా అడుగు వేసే ధైర్యమును ఈ దినమే మాకు దయచేయుము. మా మధ్య గోడను పడగొట్టిన యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.